ఇంటి రికార్డింగ్ కంప్యూటర్‌కు భద్రత: వేగం తగ్గకుండా చేసుకునే పద్ధతి

చెన్నైలో సాలిగ్రామం, వడపళని, విరుగంబాక్కం వైపు ఇంటి గదిలోనే ట్రాకులు పాడించి పంపే తెలుగువారు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. యాంటీవైరస్ ఉంచితే రికార్డింగులో టిక్కుటిక్కుమంటోంది, తీసేస్తే భయంగా ఉంది, ఏం చేయమంటారు అని. చాలామంది చివరకు తీసేస్తున్నారు. ఆ అవసరం లేదు. భద్రతా ఏర్పాట్లు వేళ తప్పి, చోటు తప్పి పనిచేసినప్పుడే కంప్యూటర్ నెమ్మదిస్తుంది. ఆ వేళనూ ఆ చోటునూ మనమే నిర్ణయించగలం.

కింది క్రమం విండోస్ 11ను దృష్టిలో పెట్టుకుని రాసినది. మ్యాక్ వాడేవారికి 8వ భాగంలో వేరుగా చెప్పాను. మొత్తం పనికి ఒక ఆదివారం చాలు. క్రమం మాత్రం మార్చకండి, ఎందుకంటే ప్రతి మెట్టూ ముందు మెట్టు మీద ఆధారపడి ఉంది.

1. ముందుగా కొలత తీసుకోండి

ఒక మార్పు మేలు చేసిందో కీడు చేసిందో తెలియాలంటే పాత స్థితి కాగితం మీద ఉండాలి. మీ దగ్గరున్న ప్రాజెక్టుల్లో బరువైనది ఒకటి తెరవండి. తంబూరా, మృదంగం, వయొలిన్, నాలుగైదు గాత్రాలు, రెండు మూడు శాంపిల్ వాద్యాలు (ముందే రికార్డు చేసిన స్వరాలతో కంప్యూటర్ పలికించేవి) ఉన్నదైతే మంచిది. శాంపిల్ రేటు (సెకనుకు ధ్వనిని ఎన్నిసార్లు కొలుస్తుందో ఆ సంఖ్య) 48 కిలోహెర్ట్జ్, బఫర్ (ఒక్కో విడతకు సిద్ధం చేసే ధ్వని ముక్క) 128 శాంపిళ్లు పెట్టండి.

128ని 48,000తో భాగిస్తే దాదాపు 2.7 మిల్లీసెకన్లు వస్తుంది. అంటే ప్రతి 2.7 మిల్లీసెకన్లకు ఒకసారి ప్రాసెసర్ తర్వాతి ముక్కను సిద్ధం చేసి, మైకునూ హెడ్‌ఫోన్‌నూ కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్‌కు అందించాలి. ఒక్కసారి గడువు తప్పినా చెవికి టిక్కుమని తెలుస్తుంది. మిక్సింగ్ సమయంలో బఫర్ 1024 పెడితే గడువు 21 మిల్లీసెకన్లకు పెరుగుతుంది కనుక అదే కంప్యూటర్ హాయిగా నడుస్తుంది. పాడేవారు తమ గొంతును హెడ్‌ఫోన్‌లో అప్పటికప్పుడు వినాలి కాబట్టి రికార్డింగుకు అంత పెద్ద బఫర్ పనికిరాదు.

పది నిమిషాలు ప్లే చేసి ఇవి రాసుకోండి:

- ప్రాజెక్టు తెరుచుకోవడానికి పట్టిన సమయం
- పది నిమిషాల్లో వినిపించిన టిక్కుల సంఖ్య
- ధ్వనికి అడ్డుపడే ఆలస్యాలను కొలిచే లేటెన్సీమాన్ అనే ఉచిత సాధనం చూపించిన అత్యధిక అంకె, దాని పక్కనున్న డ్రైవర్ (ఒక పరికరాన్ని నడిపించే ప్రోగ్రాం) పేరు

ఇక్కడే చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది. ఆ డ్రైవర్ పేరు తరచుగా యాంటీవైరస్‌ది కాకుండా వైఫైదో గ్రాఫిక్స్ కార్డుదో అయి ఉంటుంది. అలాంటప్పుడు ఆ డ్రైవర్‌ను తయారీదారు సైటు నుంచి తెచ్చి కొత్తది వేయండి, పవర్ ప్లాన్‌ను హై పెర్ఫార్మెన్స్‌కు మార్చండి, ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే సెలెక్టివ్ సస్పెండ్‌ను ఆపండి. మళ్ళీ కొలిచాకే ముందుకు వెళ్ళండి.

2. మార్పులకు ముందే బ్యాకప్

24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వద్ద ఒక మోనో ట్రాక్ నిమిషానికి దాదాపు 8.6 మెగాబైట్లు తీసుకుంటుంది. పదహారు ట్రాకులు గంటసేపు నడిస్తే 8.3 గిగాబైట్లు. దీన్నిబట్టి మీ ఏడాది పనికి ఎంత పెద్ద డిస్క్ కావాలో లెక్కవేసుకోవచ్చు.

మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, ఒకటి వేరే ఇంట్లో అన్న పాత నియమాన్నే పాటించండి. కంప్యూటర్‌లో ఉన్నది మొదటి ప్రతి. బయటి హార్డ్ డిస్క్ మీద రెండోది. మూడోది బంధువుల ఇంట్లోని డిస్క్ మీదో, క్లౌడ్‌లోనో ఉండాలి. 2015 డిసెంబరు వరదల్లో ఈ నగరంలో ఎన్నో ఇళ్ళ కింది అంతస్తులు మునిగాయి. ఒకే గదిలో మూడు ప్రతులు పెట్టుకుంటే అవి మూడూ ఒకేసారి తడుస్తాయి.

బయటి డిస్క్‌ను కాపీ పూర్తికాగానే ఊడదీయాలి, ఈ ఒక్క మాట మరువకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్, ఆ క్షణానికి తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌కూ తాళం వేయగలదు. కాపీ అయిన తర్వాత ఒక పాత ప్రాజెక్టును బ్యాకప్ నుంచే తెరిచి వినండి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కించను.

3. రెండు ఖాతాలు ఏర్పాటు చేయండి

విండోస్‌లో ఒకటి అడ్మినిస్ట్రేటర్ ఖాతా, మరొకటి సాధారణ ఖాతా ఉంచండి. రికార్డింగ్, మిక్సింగ్ అంతా సాధారణ ఖాతాలోనే చేయండి. ఏదైనా ప్రోగ్రాం సిస్టంలో మార్పులు చేయాలంటే మామూలుగా అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడగాలి. మీరు ఏమీ ఇన్‌స్టాల్ చేయని వేళ ఆ ప్రశ్న తెర మీదికి వస్తే అదే మీకు హెచ్చరిక. దీనివల్ల వేగం రవ్వంత కూడా తగ్గదు.

సాధారణంగా జరిగే పొరపాటు: ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌కు జతయ్యే చిన్న ప్రోగ్రాం) ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రస్తుత ఖాతాకు మాత్రమే అన్న ఎంపిక ఉంచేస్తారు, తర్వాత రెండో ఖాతాలో అది కనిపించదు. అందరికీ అన్న ఎంపికతో మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

4. యాంటీవైరస్‌కు చోటు నిర్ణయించండి

విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి రికార్డింగుకు చాలు. దానికి తోడు మరో యాంటీవైరస్ కొని పెట్టుకోవద్దు. వాటితో పాటు వచ్చే బ్రౌజర్ రక్షణలు, శుభ్రపరిచే సాధనాలు, ప్రకటనల కిటికీలు సరిగ్గా టేక్ మధ్యలో లేస్తాయి.

డిఫెండర్ ఎక్కడ సమయం తీసుకుంటుందో ముందు గ్రహించాలి. పదహారు ట్రాకులు ఒకేసారి రికార్డు చేసినా డిస్క్ మీదికి సెకనుకు వెళ్ళేది దాదాపు 2.3 మెగాబైట్లే. సాధారణ ఎస్‌ఎస్‌డీ సెకనుకు వందల మెగాబైట్లు రాయగలదు. కాబట్టి రికార్డింగ్ ఫైళ్లను రాయడం అసలు భారమే కాదు. భారమంతా తెరవడంలో ఉంది. ఒక పెద్ద శాంపిల్ లైబ్రరీలో వేలకొద్దీ చిన్న ఫైళ్లు ఉంటాయి. వీణ వాద్యం ఒకటి లోడ్ చేస్తే ప్రతి స్వరానికీ, ప్రతి మీటు బలానికీ వేరువేరు ఫైళ్లు తెరుచుకుంటాయి. తెరుచుకునే ఫైళ్లను డిఫెండర్ తనిఖీ చేస్తుంది.

కాబట్టి మినహాయింపు ఇవ్వవలసింది శాంపిల్ లైబ్రరీకే. దారి ఇది: విండోస్ సెక్యూరిటీ తెరిచి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో మేనేజ్ సెట్టింగ్స్ నొక్కి, అడుగున ఉన్న ఎక్స్‌క్లూజన్స్‌లో శాంపిల్ ఫోల్డర్‌ను చేర్చండి.

మినహాయింపు ఇవ్వకూడనివి:

- డౌన్‌లోడ్స్ ఫోల్డర్
- ప్లగిన్లు ఉండే ఫోల్డర్, ప్రోగ్రాం ఫైల్స్
- పూర్తి డ్రైవ్, అది డీ డ్రైవ్ అయినా సరే
- పెన్‌డ్రైవ్

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ప్రాసెస్ రూపంలో మినహాయించమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. అలా చేస్తే ఆ ప్రోగ్రాం తెరిచే ఏ ఫైలునూ డిఫెండర్ చూడదు. ప్లగిన్లు తెరుచుకునేది ఆ ప్రోగ్రాం లోపలే కదా. చెడ్డ ప్లగిన్‌కు మనమే తలుపు తీసి పెట్టినట్టవుతుంది.

ప్రాజెక్టు ఫోల్డర్ సంగతి కొంచెం వేరు. దాన్ని మినహాయించేకంటే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్‌లోని కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ కిందికి తేవడం మేలు. అప్పుడు నమ్మకం లేని ప్రోగ్రాంలు ఆ ఫోల్డర్‌లోని ఫైళ్లను మార్చలేవు. దీన్ని ఆన్ చేసిన మొదటిరోజున రీపర్, క్యూబేస్ వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ప్రాజెక్టును సేవ్ చేయలేకపోతున్నామని చెప్పవచ్చు. కంగారుపడి మొత్తం ఆపేయకండి. అనుమతించే ప్రోగ్రాంల జాబితాలో మీ సాఫ్ట్‌వేర్‌ను చేర్చి, ఒక ఖాళీ ప్రాజెక్టు సేవ్ చేసి చూడండి. గాయని మైకు ముందు నిలబడ్డాక ఈ సంగతి తెలియడం కంటే ముందురోజే తెలియడం నయం.

మినహాయింపులు ఇచ్చాక డిఫెండర్ మేలుకునే ఉందని నిర్ధారించుకోవడానికి ఐకార్ పరీక్ష ఫైలును డౌన్‌లోడ్స్‌లోకి దించండి. అది 68 అక్షరాల నిరపాయకరమైన ఫైలు, యాంటీవైరస్‌లను పరీక్షించడానికే తయారైంది. డిఫెండర్ వెంటనే అడ్డుకోవాలి. అడ్డుకోకపోతే మినహాయింపుల జాబితాలో ఏదో అతిగా చేరింది, మళ్ళీ చూడండి.

విండోస్ కీలక భాగంలోకి చెడ్డ డ్రైవర్లు చొరబడకుండా కాపాడే మెమరీ ఇంటెగ్రిటీ (విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉంటుంది) గురించి కూడా అడుగుతున్నారు. పాత ఆడియో ఇంటర్‌ఫేస్ డ్రైవర్ ఉంటే అది ఆన్ కాకపోవచ్చు. ముందు కొత్త డ్రైవర్ ఉందేమో వెదకండి. ఆన్ చేసిన తర్వాత 1వ భాగంలోని కొలతలో తేడా కనిపించకపోతే అలాగే ఉంచండి.

5. అప్‌డేట్లకు, స్కాన్లకు వేళ పెట్టండి

అప్‌డేట్లు పూర్తిగా ఆపేసుకున్నవారు 2017 మే నెలలో వచ్చిన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్‌ను గుర్తుచేసుకోవాలి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చిలోనే మరమ్మతు విడుదల చేసింది. వేసుకోని కంప్యూటర్లే ఎక్కువగా దెబ్బతిన్నాయి.

భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం వస్తాయి. భారత కాలమానంలో అది ఆ రాత్రి అవుతుంది. పెద్ద సెషన్ ఉన్న వారంలో సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌కు వెళ్ళి ఒక వారం పాజ్ చేయండి, సెషన్ పూర్తయిన రోజునే వేయండి. మార్గళి (డిసెంబరు–జనవరి) కచేరీల రోజుల్లో పని ఎక్కువ ఉన్నా ఒక నెల దాటి వాయిదా వేయవద్దు. ఏడాదికొకసారి వచ్చే పెద్ద మార్పు విషయంలో మాత్రం ఓపిక మంచిదే. మీ ఇంటర్‌ఫేస్ తయారీదారు సరేనన్నాకే దాన్ని వేయండి.

ఇంకా విండోస్ 10 వాడుతున్నవారికి ఒక మాట. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అదనపు భద్రతా అప్‌డేట్ల పథకంలో చేరకుండా దాన్ని ఇంటర్నెట్‌కు కలపకండి.

డిఫెండర్ స్కాన్ వేళను టాస్క్ షెడ్యూలర్‌లో మార్చవచ్చు. మైక్రోసాఫ్ట్, విండోస్, విండోస్ డిఫెండర్ అనే వరుసలో షెడ్యూల్డ్ స్కాన్ కనిపిస్తుంది. మీరు భోజనానికి లేచే సమయం పెట్టండి. అర్ధరాత్రి పెట్టి కంప్యూటర్ ఆపేస్తే ఆ వేళకు స్కాన్ జరగదు. ఇది చాలా ఇళ్లలో చూశాను.

6. ప్లగిన్లు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నారు?

ఈ కంప్యూటర్లకు జరిగే హానిలో పెద్ద వాటా దొంగ ప్లగిన్లదేనని నా నమ్మకం. నాకు జరిగిందే చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక దుకాణంలో కంప్యూటర్ కూర్పించుకున్నాను. అక్కడి కుర్రవాడు వేగం కోసమని డిఫెండర్‌ను ఆపేసి, నేను అడగకుండానే ఒక ప్లగిన్ల మూట వేసి పంపాడు. నెల తిరగకుండానే ఏ ప్రాజెక్టూ తెరవకపోయినా ఫ్యాన్ హోరుమనేది. తంబూరా ట్రాక్ మీద సన్నని టిక్కులు. ఒకరోజు వయొలిన్ వాయించడానికి వచ్చిన అమ్మాయి హెడ్‌ఫోన్ తీసి, "అన్నా, వైరు ఊగుతోందా? మళ్ళీ వాయించనా?" అంది. వైరు మార్చాను, ఇంటర్‌ఫేస్ మార్చాను. చివరకు టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే పేరు కూడా వినని ప్రోగ్రాం ఒకటి ప్రాసెసర్‌లో సగానికి పైగా తినేస్తోంది. వేగం కోసం భద్రత తీసేస్తే పోయింది వేగమే.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. యాంటీవైరస్ తయారుచేసే ఈసెట్ సంస్థ 2019 జూన్‌లో లౌడ్‌మైనర్ అనే చెడ్డ ప్రోగ్రాంను బయటపెట్టింది. ఏబుల్‌టన్ లైవ్ వంటి సంగీత సాఫ్ట్‌వేర్ల, ప్లగిన్ల దొంగ ప్రతుల్లో దాక్కుని, ఒక వర్చువల్ కంప్యూటర్‌ను లోపల నడిపి క్రిప్టో నాణేలు తవ్వేది. సంగీత సాఫ్ట్‌వేర్లు ఎలాగూ ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడతాయి కనుక ఆ భారం ఎవరికీ అనుమానం కలిగించదు. 2020లో మ్యాక్ కంప్యూటర్లకు వచ్చిన థీఫ్‌క్వెస్ట్ అనే రాన్సమ్‌వేర్ కూడా ఏబుల్‌టన్ లైవ్, మిక్స్‌డ్ ఇన్ కీ దొంగ ప్రతుల ద్వారా పాకింది.

డబ్బు లేనప్పుడు ఏం చేయాలన్నది న్యాయమైన ప్రశ్న. రీపర్ 60 రోజులు పూర్తిగా ప్రయత్నించి చూసుకోవడానికి ఇస్తుంది. దానితో వచ్చే ఈక్వలైజర్, కంప్రెసర్, రివర్బ్‌లతో పాట పూర్తిచేయవచ్చు. ఉచిత ప్లగిన్లు తెచ్చుకుంటే తయారీదారు సొంత సైటు నుంచే తెచ్చుకోండి. ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపమని ఏ సూచన చెప్పినా ఆ ఫైలును అక్కడికక్కడే తొలగించండి.

లైసెన్సులు ముడిపడి ఉన్న ఈమెయిల్ ఖాతాకు రెండంచెల ధృవీకరణ పెట్టండి. ఆ ఖాతా పోతే ప్లగిన్లన్నీ పోయినట్టే.

7. పెన్‌డ్రైవ్, వైఫై

కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కలపకుండా ఉంచితే చాలని అనుకునేవారికి పెన్‌డ్రైవ్ గుర్తుండదు. "బాబాయ్, పల్లవి ఇందులో ఉంది" అంటూ ఒకరు ఇస్తారు, మనం గుచ్చేస్తాం. మొదట ఆటోప్లే ఆపండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో వరుసలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేయండి. విండోస్ వాటిని దాచి ఉంచుతుంది కాబట్టి చివర ఈఎక్స్‌ఈ ఉన్న ప్రోగ్రాం కూడా పాట ఫైలులా కనిపించి మోసం చేయగలదు.

"వచ్చినవి" అనే పేరుతో ఒక ఫోల్డర్ పెట్టుకోండి. బయటి నుంచి వచ్చిన ఏదైనా ముందు అందులోకే రావాలి, కుడి క్లిక్‌తో స్కాన్ కావాలి, ఆ తర్వాతే ప్రాజెక్టులోకి వెళ్ళాలి. ఈ ఫోల్డర్‌కు మినహాయింపు ఉండకూడదు. వేవ్ ఫైలు అడిగితే జిప్‌లో ప్రోగ్రాం వస్తే తెరవకుండా పంపినవారికి ఫోన్ చేయండి.

రౌటర్‌కు కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చండి, డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్‌తోనో వైఫైలోకి చేర్చే సదుపాయం) ఆపండి, వచ్చేపోయే కళాకారులకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి. కంప్యూటర్‌లో నెట్‌వర్క్ రకాన్ని పబ్లిక్ అని ఉంచండి. రిమోట్ డెస్క్‌టాప్ ఆన్‌లో ఉంటే ఆపండి. ఎవరో ఒకసారి సాయం చేయడానికి వేయించిన దూరనియంత్రణ సాధనం మిగిలి ఉంటే తీసేయండి.

ల్యాప్‌టాప్‌ను స్టూడియోలకు మోసుకెళ్ళేవారు, డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ వాడాలి. ఇంట్లో కదలని డెస్క్‌టాప్‌లో సిస్టం డ్రైవ్‌కూ ప్రాజెక్టు డ్రైవ్‌కూ వాడి, శాంపిల్ డ్రైవ్‌ను వదిలేయవచ్చు. శాంపిళ్లు మళ్ళీ దించుకోగలం, అందులో రహస్యమూ లేదు. రికవరీ కీని కాగితం మీద రాసి ఇంట్లో పత్రాలతో పాటు ఉంచండి. కీ పోతే మీ పాటలకు మీరే పరాయివారవుతారు.

8. మ్యాక్ వాడేవారికి

మ్యాక్‌లో గేట్‌కీపర్ (నమ్మకం లేని ప్రోగ్రాంలను అడ్డుకునేది), ఎక్స్‌ప్రొటెక్ట్ (చెడ్డ ప్రోగ్రాంలను గుర్తించేది) ముందే ఉంటాయి, వాటిని ఆపకండి. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్‌లలో, డిస్క్‌కు తాళం వేసే ఫైల్‌వాల్ట్ వల్ల చెప్పుకోదగ్గ భారం ఉండదు, ఆన్ చేయండి.

నెమ్మదనం వచ్చేది మిగతా రెండు చోట్ల. ఫైళ్లు వెతికే సాధనమైన స్పాట్‌లైట్ శాంపిల్ డ్రైవ్‌ను సూచీకరిస్తూ ఉంటుంది, దాని ప్రైవసీ జాబితాలో ఆ డ్రైవ్‌ను చేర్చండి. బ్యాకప్ తీసే టైం మెషీన్ గంటకోసారి లేస్తుంది, సెట్టింగ్స్‌లో రోజుకొకసారికి మార్చండి లేదా సెషన్ తర్వాత చేత్తో నడపండి. కొత్త మ్యాక్‌ఓఎస్ వచ్చిన వారంలోనే ఎక్కించుకోవద్దు.

9. సెషన్ రోజు జాబితా

గోడకు అతికించుకోవడానికి వీలుగా చిన్నదిగా ఇస్తున్నాను.

మొదలుపెట్టే ముందు:

- కంప్యూటర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి, ఆగి ఉన్న అప్‌డేట్ ఏమీ లేదని చూడండి
- వైఫై, బ్లూటూత్ ఆపండి; లైసెన్స్‌కు ఇంటర్నెట్ కావలసిన ప్లగిన్లను అంతకుముందే తెరిచి చూడండి
- బ్రౌజర్, క్లౌడ్ సింక్ మూసివేయండి
- యూపీఎస్ మీద కంప్యూటర్, ఇంటర్‌ఫేస్ రెండూ ఉన్నాయని చూడండి
- డిఫెండర్ ఆన్‌లోనే ఉందని చూడండి

ముగిశాక:

- ప్రాజెక్టును బయటి డిస్క్‌కు కాపీ చేసి, డిస్క్ ఊడదీయండి
- వైఫై ఆన్ చేసి అప్‌డేట్లు వేయండి
- "వచ్చినవి" ఫోల్డర్‌ను ఖాళీ చేయండి

వైఫై ఆపడం భద్రతకు ఎంత మేలో వేగానికీ అంతే మేలు. 1వ భాగంలో వైఫై డ్రైవర్ పేరు రాసుకున్నవారికి తేడా ఆ రోజే తెలుస్తుంది.

10. అనుమానం వస్తే

ఫ్యాన్ ఊరికే హోరుమన్నా, ఫైళ్ల పేర్లు మారినా, తెలియని ప్రోగ్రాం కనిపించినా ముందు నెట్‌వర్క్ తెంచండి. బ్యాకప్ డిస్క్‌ను మాత్రం తగిలించకండి. భయంలో అందరూ మొదట చేసే తప్పు అదే.

తర్వాత విండోస్ సెక్యూరిటీలోని స్కాన్ ఆప్షన్స్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ నడపండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ జరుగుతుంది. ఈలోగా మీ ఫోన్ నుంచి ఈమెయిల్, బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ నడిపే సైబర్ స్వచ్ఛతా కేంద్రంలో ఉచిత శుభ్రపరిచే సాధనాలు దొరుకుతాయి.

అనుమానం తీరకపోతే విండోస్‌ను కొత్తగా వేయడమే సరైన పని. ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌ను వేరే కంప్యూటర్ మీద తయారు చేయండి. బ్యాకప్ నుంచి ఆడియో ఫైళ్లనూ ప్రాజెక్టు ఫైళ్లనూ మాత్రమే తిరిగి తెచ్చుకోండి. ప్లగిన్లను తయారీదారుల దగ్గర నుంచే మళ్ళీ దించుకోండి. లైసెన్సులు చెల్లుతున్నాయని ఒక్కొక్కటీ తెరిచి చూడండి. ఆపైన మొదటి భాగంలోని ప్రాజెక్టునే 128 బఫర్‌తో పది నిమిషాలు నడిపి, వచ్చిన అంకెలను పాత వాటి పక్కన రాసుకుని, అవి సరిపోలాకే కళాకారులకు ఫోన్ చేసి సెషన్ తేదీ చెప్పండి.